జవాబు అడగని కార్డు

తెలిసినవాళ్లకి కేన్సర్ అని బయటపడిన మొదటి వారం వాళ్లింట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి ఆ ఫోన్లు సగమవుతాయి. నాలుగో నెలకి మందుల షాపతను, ఆసుపత్రి అపాయింట్‌మెంటు కౌంటరు, ఒకరిద్దరు అయినవాళ్లు మిగులుతారు. జనం మంచివాళ్లే. ఏం మాట్లాడాలో తెలియక ఒకసారి వాయిదా వేస్తారు. వాయిదా వేసినందుకు మొహం చెల్లక ఇంకోసారి వేస్తారు. ఆ తర్వాత పెళ్లిలో కనిపించినా పక్క వరసలోకి తప్పుకుంటారు.

ఈ అధ్యాయం అలా ఇరుక్కుపోయినవాళ్ల కోసం. మాట పెగలనప్పుడు ముందు చేతులకి పని చెప్పమంటాను. కాగితం, నీళ్లు, సిరా ముందేసుకుని ఓ గంట కూర్చోండి. రంగు ఆరేదాకా ఎలాగూ లేవడానికి ఉండదు. రాయాల్సిన రెండు వాక్యాలు సాధారణంగా ఆ ఖాళీలోనే తడతాయి.

కొన్న కార్డు పంపితే తప్పా అంటే, తప్పేం లేదు. ఏదీ పంపకపోవడం కంటే మేలే. కానీ దుకాణంలో దొరికేవన్నీ ఒకటే పాట పాడతాయి: త్వరగా కోలుకో. జలుబు చేసినవాడికీ, కాలు విరిగినవాడికీ సరిపోయే మాట అది. ఎమిలీ మెక్‌డోవెల్ అనే అమెరికన్ చిత్రకారిణికి 24 ఏళ్ల వయసులో హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చి తగ్గింది. ఆ రోజుల్లో జుట్టు రాలడం కంటే, కీమో కంటే తనను ఎక్కువ కుంగదీసింది ఒంటరితనమేనని ఆవిడ తర్వాత చెప్పుకొచ్చింది. కొందరు స్నేహితులు ఏం అనాలో తెలియక మాయమయ్యారు. కొందరు తెలియకే ఏదో ఒకటి అనేశారు. 2015లో ఆవిడ ఇలా జబ్బుపడ్డవాళ్లకి పంపడానికే కొన్ని కార్డులు తయారుచేసింది. ఇన్నాళ్లూ పలకరించనందుకు సూటిగా క్షమాపణ కోరే కార్డు వాటిలో ఒకటి. జబ్బుకి ఏదో పరమార్థం ఉందని ఉపదేశించేవాళ్ల మీద విసుక్కునే కార్డు ఇంకొకటి.

నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. కార్డు జబ్బుమనిషిని ఏదీ అడగకూడదు. జవాబు అడగకూడదు, ధైర్యం అడగకూడదు, నవ్వు అడగకూడదు. ఆఖరికి విప్పడానికి శ్రమ కూడా అడగకూడదు. కాగితం దగ్గర్నుంచి కవరు మీద చిరునామా దాకా ఇక మీదట చెప్పేదంతా దీన్ని పట్టుకునే నడుస్తుంది.

తడి సిరా నేపథ్యాన్ని ఎంచుకున్నదీ అందుకే. గులాబీ గీసి పంపితే చూసినవాళ్లు గులాబీ బాగుందనాలి. తడి కాగితం మీద పాకిన నీలం ఎవరినీ ఏమీ అనమనదు. మేఘమనుకుంటే మేఘం, చెరువనుకుంటే చెరువు, ఏమీ అనుకోకపోయినా సరే. పైగా బొమ్మలు రానివాళ్లు కూడా చెయ్యగలిగిన పని ఇది. సగం పని నీళ్లే చేసిపెడతాయి.

ఇక సామాను. వాటర్ కలర్ పేపరు అని అడిగి 300 జీఎస్‌ఎమ్‌ది తీసుకోండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. చార్టు పేపరూ, జెరాక్సు కాగితమూ నీళ్లు తగలగానే నూనెలో వేసిన అప్పడంలా లేచిపోతాయి. ఏ4 షీటుని సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కని మధ్యకి మడిస్తే 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కార్డు తయారు. దాని బరువు 9 గ్రాముల పైచిలుకు. మామూలు కవరులో పెట్టినా 20 గ్రాములు దాటదు కాబట్టి ఉత్తరంగానే పోతుంది.

సిరా కోసం ఆర్ట్ షాపు దాకా వెళ్లక్కర్లేదు. ఫౌంటెన్ పెన్ను సిరాబుడ్డి చాలు. రాయల్ బ్లూ ఒకటి, నలుపు ఒకటి, దొరికితే ఆకుపచ్చ. (రాజమండ్రి రత్నం పెన్నుతో పరీక్షలు రాసిన తరానికి చొక్కా జేబు మీది నీలం మరక గుర్తుండే ఉంటుంది. ఆ మరకే ఇప్పుడు మన పెట్టుబడి.) ఈ సిరాల్లో ఎక్కువ భాగం నీళ్లలో కరిగే రంగులతో చేసినవే. నల్ల సిరా పేరుకే నలుపు, చాలావాటిలో రెండు మూడు రంగులు కలిసి ఉంటాయి. బళ్లో సైన్సు టీచరు వడపోత కాగితం మీద సిరా చుక్క పెట్టి, అంచుని నీళ్లలో ముంచి రంగులు విడగొట్టి చూపించారే, ఆ క్రొమటోగ్రఫీయే మీ కార్డు మీదా జరుగుతుంది. కాగితాన్ని గట్టిగా పట్టుకోని రంగు నీళ్లతో పాటు ముందుకి పరుగెడుతుంది, పట్టుకున్నది వెనక ఆగిపోతుంది. అందుకే నల్ల చుక్క విచ్చుకున్నకొద్దీ అంచుల్లో ఊదా రంగో, నీలమో బయటపడుతుంది. ఏది బయటపడుతుందో కంపెనీని బట్టి మారుతుంది. ముందు చిన్న ముక్క మీద వేసి చూసుకోండి.

కాగితాన్ని ప్లైవుడ్ ముక్క మీదో, గట్టి అట్ట మీదో పెట్టి నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. ఆరేటప్పుడు వంకర తిరగకుండా అది పట్టి ఉంచుతుంది, తీశాక చుట్టూ తెల్లటి అంచు కూడా మిగులుతుంది. మడత వచ్చే చోట నిలువునా ఇంకో టేపు వెయ్యండి. కుడి సగానికే తడి పెడతాం, అదే కార్డు ముఖం. వెడల్పు కుంచెతో శుభ్రమైన నీళ్లు ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా పూయండి. కళ్లు కాగితం ఎత్తుకి దించి ఏటవాలుగా చూడండి. తడిపిన సగమంతా ఒకేలా మెరవాలి, ఎక్కడా నీళ్లు నిలిచి ఉండకూడదు. ఆ మెరుపు ఉండగానే సన్న కుంచె కొసతో సిరా ముట్టించి, ఒక మూల చుక్క వదలండి.

వదిలాక చెయ్యి తీసెయ్యండి. నూటికి తొంభైమంది పాడుచేసేది ఇక్కడే. రంగు మనం అనుకోని వైపు పాకుతుంటే చెయ్యి ఊరుకోదు. కుంచె పెట్టి ఇటు లాగుతారు, అటు నెడతారు, ఆఖరికి కాగితమంతా ఒకే బూడిద రంగులోకి దిగుతుంది. సర్దాలనిపిస్తే కుంచెకి బదులు అట్టని ఎత్తి కాస్త వంచండి. రంగు పల్లానికి తనే జారుతుంది. ముదురైన చోట టిష్యూ పేపరు మడిచి ఒక్కసారి అద్ది తీస్తే మబ్బు విడిపోయినట్టు తెల్లబడుతుంది. రెండో చుక్క వెయ్యండి, మూడోది వెయ్యండి. నాలుగోది వద్దు.

మెరుపు పోయి, ముట్టుకుంటే చల్లగా తగిలే దశ ఒకటుంది. అప్పుడు మంచినీళ్ల చుక్క ఒకటి వేస్తే అది ఆరబోతున్న రంగుని చుట్టూ నెట్టుకుంటూ పోయి, అంచున ముడతలుముడతలుగా పువ్వులాంటి మరక కడుతుంది. నీటిరంగుల గురువులు దీన్ని తప్పుగా లెక్కేసి మార్కులు కోస్తారు. మన కార్డుకి మాత్రం ఇంతకన్నా మంచి నగ లేదు.

తడి కాగితమంటే భయపడేవాళ్లకి ఇంకో దారి ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద రెండు మూడు సిరా చుక్కలు వేసి, స్ప్రే బాటిల్‌తో నీళ్లు చిమ్మి, పొడి కాగితాన్ని దాని మీద బోర్లించి ఎత్తెయ్యండి. ఆరాక మళ్లీ బోర్లించండి. పొర మీద పొర పడి లోతు వస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఈ పనికి డిస్ట్రెస్ ఇంక్ అనే ప్యాడ్లు దొరుకుతాయి. అవి నీళ్లకి స్పందించేలా చేసినవే. లేకపోయినా లోటేం లేదు.

ముగ్గులు వచ్చినవాళ్లకి నాదొక సలహా. నీళ్లు పెట్టకముందే తెల్ల కొవ్వొత్తి ముక్కతో పొడి కాగితం మీద చిన్న మెలికల ముగ్గు గట్టిగా ఒత్తి గియ్యండి. గీస్తున్నప్పుడు కంటికి కనిపించదు. సిరా పాకినప్పుడు మైనం ఉన్నచోట అంటదు కాబట్టి నీలంలోంచి తెల్లటి ముగ్గు లేచి వస్తుంది. సిరా కార్డుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

రాళ్ల ఉప్పు చల్లే పద్ధతీ ఉంది. ఉప్పు నీళ్లని లాక్కుని చుట్టూ నక్షత్రాల్లాంటి మచ్చలు వదులుతుంది. అందంగానే ఉంటుంది గానీ ఆసుపత్రికి వెళ్లే కార్డుకి నేను వాడను. ఎంత దులిపినా మడతలో ఓ పలుకు మిగిలి, పక్క మీద రాలుతుంది.

ఆరబెట్టడానికి తొందరపడొద్దు. హెయిర్ డ్రయ్యర్ పెడితే రంగు పాకుతున్నచోటే గడ్డకట్టేస్తుంది. ఎండలో పెడితే ఇలాంటి సిరాలు వెలిసిపోతాయి. ఫ్యాను గాలి చాలు. వానాకాలంలో పూట పడుతుంది. ఆరాక టేపుని అంచు వైపుకి లాగుతూ మెల్లగా ఊడదీసి, కార్డుని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకాలన్నీ దాని మీద పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. మడవబోయే గీత మీద స్కేలు పెట్టి స్పూను అంచుతో ఒకసారి గీస్తే మడత శుభ్రంగా వస్తుంది.

రంగుల ఎంపిక గురించి ఒక్క హెచ్చరిక. ఎరుపు మనకి శుభమే, కుంకుమ రంగే. కానీ తడిలో పాకిన ఎరుపు నెత్తురు మరకలా కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రొమ్ము కేన్సర్‌కీ, మరికొన్నిటికీ ఇచ్చే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. ఇంగ్లిషులో రోగులు దానికి రెడ్ డెవిల్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సీసా ఎక్కించుకుని వచ్చినవాళ్లలో ఎర్ర షర్బత్ చూసినా కడుపులో తిప్పేవాళ్లుంటారు. నీలం, ఆకుపచ్చ, లేత ఊదా, పలచటి పసుపు అయితే గొడవ ఉండదు. గులాబీ రంగు రిబ్బను గుర్తు కూడా వద్దంటాను. అక్టోబర్ వచ్చిందంటే ఊరంతా ఆ గుర్తే, రొమ్ము కేన్సర్ అవగాహన మాసమని. జబ్బు గురించి అవగాహన అవసరమయ్యేది మనకి. జబ్బుపడినావిడకి కావలసినంత ఉంది.

మెరుపు పొడి, పూసలు, ఎండిన పూలు, అత్తరు, శాటిన్ రిబ్బను, ఇవన్నీ ప్రేమతోనే పెడతారు. కీమో నడుస్తున్నవాళ్లకి వాసన పడదు, మనకి తెలియనంత లేత వాసన కూడా వాంతి తెప్పించగలదు. రంగు చెదరకుండా చిమ్మే ఫిక్సేటివ్ స్ప్రే కూడా వద్దనేది అందుకే. తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్ భయం ఉన్నప్పుడు చాలా వార్డుల్లో పూలు లోపలికి రానివ్వరు. ఎముక మజ్జ మార్పిడి వార్డులో అయితే కార్డు పంపే ముందు కూడా నర్సుని అడగాలి. ఇక రిబ్బను సంగతి. కొన్ని కీమో మందులు వేళ్ల కొసల నరాల్ని దెబ్బతీస్తాయి. మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టుండటం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం. మా వదిన ఒళ్లో ఓ కార్డు పెట్టుకుని, దానికి కట్టిన రిబ్బను ముడి మీద బొటనవేలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవడం చూశాను. ముడి ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. ఎవరినీ పిలవలేదు, కత్తెర అడగలేదు. కాసేపటికి కార్డుని అలాగే దిండు పక్కన పెట్టేసింది. కవరుని కూడా పూర్తిగా అంటించకండి. మూత మధ్యలో ఒక్క చుక్క గమ్ము పెట్టండి, పోస్టులో ఊడిపోదు, వేలు దూరిస్తే వచ్చేస్తుంది.

ఆసుపత్రిలో అందరి చేతులకీ శానిటైజర్ తడి ఉంటుంది. పెన్ను సిరా దానికి కరిగి అంటుకుంటుంది. ఆరిన కార్డుని ఒక పలచటి పారదర్శక ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపితే తుడుచుకోవడానికీ వీలు. లోపల రాతకి వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ పెన్ను మంచిది. అక్షరాలు పెద్దవిగా, నల్లగా రాయండి. మందుల మత్తులో చూపు ఆనదు, పది లైన్లు చదివేసరికి మొదటి లైను గుర్తుండదు. నాలుగు లైన్లు మించితే అది కార్డు కాదు, పని.

ఆ నాలుగు లైన్లలో ఏం రాయాలి? దానికన్నా ముందు ఒకటి కనుక్కోవాలి. మన ఇళ్లల్లో చాలాసార్లు జబ్బు పేరు జబ్బుమనిషికి చెప్పరు. గడ్డ తీశారు, రక్తం తక్కువగా ఉంది, బలానికి సెలైన్ పెడుతున్నారు, అంటారు. అది మంచో చెడో తేల్చే పెత్తనం కార్డు పంపేవాడికి లేదు. కొడుకునో కోడలినో పక్కకి పిలిచి 'పెద్దమ్మకి ఏమని చెప్పారు?' అని అడగండి. ఆ మనిషి తన నోటితో మీకు చెబితే తప్ప కార్డులో కేన్సర్ అన్న మాట రాయొద్దు. పోస్టుకార్డు కూడా అందుకే వద్దు, వీధంతా చదువుతుంది.

'ధైర్యంగా ఉండు' అంటే, భయపడటానికి కూడా అనుమతి లేదని. 'నువ్వు పోరాడి గెలుస్తావు' అంటే, రేపు మందు పనిచెయ్యకపోతే సరిగా పోరాడలేదని. 'దేవుడు పరీక్షిస్తున్నాడు' అన్నదానికి ఎవరైనా ఏం జవాబిస్తారు? 'మా బాబాయికీ ఇదే వచ్చింది' అని మొదలుపెడితే ఆ బాబాయి ఏమయ్యాడో చెప్పాల్సి వస్తుంది. ఫలానా ఆకు రసం, ఫలానా ఊళ్లో నాటు మందు, ఇవి వాట్సాప్‌లో ఎలాగూ వచ్చిపడుతున్నాయి. ఇక 'త్వరగా కోలుకోవాలి' సంగతి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లుకేమియాకి చికిత్స రెండేళ్లు దాటి నడుస్తుంది. కొన్ని రొమ్ము కేన్సర్లలో ఆపరేషను, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక కూడా హార్మోను మాత్రలు అయిదు నుంచి పదేళ్లు మింగాలి. త్వరగా అన్న మాటకి అక్కడ చోటు లేదు.

అన్నీ వద్దంటే మిగిలేదేమిటి అంటారా? కబురు. మీ ఇద్దరికే తెలిసిన చిన్న కబురు. ఆఫీసులో పనిచేసే ఆవిడకి ఇలా రాయొచ్చు: 'మేడమ్, మీ కిటికీ దగ్గర కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వడం లేదు. మీ మనీప్లాంటు ఫైళ్ల బీరువా మీదకి పాకింది. జవాబు రాయక్కర్లేదు.' మేనత్తకి: 'అత్తయ్యా, ఈ ఏడు మాగాయ నీ లెక్క ప్రకారమే పెట్టాను. ఉప్పు ఎక్కువైందని ఆయన అంటున్నారు. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు.' చిన్నపిల్లాడికి: 'మన వీధి కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకదానికి ఒక చెవి నలుపు, ఒక చెవి తెలుపు.' అంతే. చాలాకాలం పలకరించకుండా ఉండిపోయినవాళ్లు ఒక్క వాక్యంలో ఆ మాట ఒప్పుకుని ముందుకెళ్లిపోండి. సంజాయిషీ రెండో వాక్యంలోకి పోతే మిమ్మల్ని ఓదార్చే పని వాళ్ల మీద పడుతుంది.

ఎప్పుడు పంపాలన్నది చాలామంది ఆలోచించరు. కీమోల్లో చాలావాటిని 21 రోజులకోసారి ఇస్తారు. ఎక్కించిన మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం. రెండో వారంలో రక్తకణాలు బాగా పడిపోతాయి, చూడటానికి ఎవరూ రావద్దని డాక్టరే చెబుతారు. మూడో వారంలో కాస్త తేరుకుంటారు. అంటే మనిషి కదలలేని రోజుల్లో కాకుండా, మనుషులు రాకూడని ఆ రెండో వారంలో కార్డు చేరితే దాని విలువ వేరు. మొదటిది పంపిన రోజే రెండోదానికి తేదీ చూసి కేలండరులో గుర్తు పెట్టుకోండి. ఒకేసారి నాలుగు నేపథ్యాలు చేసి ఆరబెట్టుకుంటే సరిపోతుంది.

చికిత్స ముగిసిన రోజున వార్డులో గంట కొట్టే ఆనవాయితీ ఇప్పుడు చాలాచోట్ల ఉంది. 1996లో అమెరికా నౌకాదళానికి చెందిన ఇర్వ్ లీమోయిన్ అనే రియర్ అడ్మిరల్ హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రికి ఓ ఇత్తడి గంట తెచ్చి ఇవ్వడంతో అది మొదలైంది. గంట కొట్టాక బంధువులు హమ్మయ్య అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ మనిషికి మాత్రం ప్రతి మూడు నెలలకో, ఆరు నెలలకో స్కాన్ ఉంటుంది, దానికి ముందు రోజుల్లో నిద్రుండదు. అభినందనల కార్డు ఒక్కటి తగ్గించి, స్కాన్ ముందు వారానికి ఒక్కటి దాచండి.

తెలియనివాళ్లకి పంపాలనుకుంటే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలాంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. కట్ట పట్టుకుని వార్డులోకి నడవకూడదు. ముందు ఆసుపత్రివాళ్లని అడిగి, వాళ్ల చేతికే ఇవ్వండి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, తెలుగు చదవలేనివాళ్లు, అసలు చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి అక్కడ ముగ్గు కార్డు మాటల కన్నా బాగా పనిచేస్తుంది. ఫోన్ నంబరు, ఫొటో, సెల్ఫీ అక్కర్లేదు. కింద 'మీ ఊరికి దగ్గర్లో ఉండే ఒకరు' అని రాసినా చాలు.

ఇంకొకరున్నారు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి, భార్యో, భర్తో, పెద్ద కూతురో. వాళ్ల పేరు మీద కవరు ఎప్పుడూ రాదు. వాళ్లకి చేసే కార్డులో 'ఏదైనా అవసరమైతే చెప్పండి' అని మాత్రం రాయకండి, ఏం అడగాలో ఆలోచించే పని కూడా వాళ్ల నెత్తిన పెట్టినట్టవుతుంది. 'బుధవారం పొద్దున పదింటికి వస్తాను. రెండింటిదాకా అన్నయ్య దగ్గర నేను కూర్చుంటాను. మీరు ఇంటికెళ్లి స్నానం చేసి పడుకోండి వదినా' అని రాయండి. రాశాక బుధవారం పదింటికి అక్కడుండాలి మరి.